ఈ ఫిర్యాదు ఎవరిది?

హైదరాబాద్, మియాపూర్ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఆ ఉత్తరంలోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆమెకు 38 ఏళ్ళు. తల్లికి 64. తల్లి ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండిట్‌గా పనిచేసి రిటైరయ్యారు. కొన్నేళ్ళ కిందట రొమ్ము క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశారు. అప్పటి నుంచి ఆవిడ లోదుస్తుల్లో సిలికాన్‌తో చేసిన కృత్రిమ రొమ్ము పెట్టుకుంటున్నారు. ఈ విషయం కూతురికీ అల్లుడికీ తప్ప ఎవరికీ తెలియదు. వేరే నగరంలో ఉండే కొడుక్కి 'ఏదో గడ్డ తీశారు' అని మాత్రం చెప్పారు. కోడలికి అదీ చెప్పలేదు.

మనవడి అన్నప్రాశనకు వెళ్ళి తిరిగి వస్తూ, కొడుకు ఉండే ఊరి విమానాశ్రయంలో తల్లీకూతుళ్ళు సెక్యూరిటీ తనిఖీకి నిలబడ్డారు. తెర లోపల తల్లిని తడిమి చూస్తున్న మహిళా సిబ్బంది చేతికి ఏదో తగిలింది. అదేమిటని ఆమె హిందీలో గట్టిగా అడిగింది. ఈవిడకు హిందీ అంతంత మాత్రం. తడబడేసరికి ఇంకొకరిని పిలిచారు. తీసి చూపించమన్నారు. అప్పటికి తెర సగం తెరిచే ఉంది. తీసినదాన్ని ప్లాస్టిక్ ట్రేలో పెట్టి, బ్యాగులు వెళ్ళే ఎక్స్‌రే బెల్టు మీద పంపారు. అటువైపు తన బ్యాగు కోసం నిలబడ్డ కూతురు, దువ్వెనలు, బెల్టులు, సెల్‌ఫోన్ల మధ్య అది బయటికి రావడం చూశారు.

ఆమె అరిచారు. సూపర్‌వైజర్ వచ్చాడు. ఫోనులో వీడియో తీయబోతే ఆపించి, తీసినంత మేర చెరిపించారు. వాదన ముగిసేసరికి గేటు మూసేశారు. అదే రాత్రి ఎక్కువ ధర పెట్టి రెండు కొత్త టికెట్లు కొన్నారు.

ఇప్పుడు తమ్ముడికి అంతా తెలిసింది. తేదీ, సమయం, బ్యాడ్జీ మీద చదివిన సిబ్బంది పేరుతో సహా సోషల్ మీడియాలో పెట్టడానికి పోస్టు సిద్ధం చేసుకున్నాడు. భర్త 'నువ్వు అరవకపోతే విమానం అందేది' అంటున్నారు. కార్తీక మాసంలో అందరూ కాశీ వెళ్ళాలనుకున్నారు. తల్లి మాత్రం 'నేను రాను, మీరు వెళ్ళిరండి' అని ముభావంగా ఉన్నారు. కూతురితో సరిగా మాట్లాడడం లేదు. వాళ్ళు చేసింది చట్టప్రకారం సరైనదేనా, ఎక్కడ ఫిర్యాదు చేయాలి, టికెట్ల డబ్బు వస్తుందా, అమ్మను మళ్ళీ విమానం ఎక్కించడం ఎలా అని ఆమె ప్రశ్నలు.

జవాబు:

మీరు ఒక చిక్కు అనుకుని రాసినదాంట్లో మూడు చిక్కులున్నాయి. తనిఖీ చేసిన తీరు ఒకటి, పోయిన డబ్బు ఒకటి, అమ్మ మౌనం ఒకటి. వీటి మందులు వేరు వేరు. మొదటిదానికి వాడే మందు మూడోదానికి వికటించే ప్రమాదం ఉంది. అందుకే విడదీసి చెబుతాను.

ముందు చట్టం సంగతి. మన దేశంలో విమానాశ్రయ భద్రతకు నియమాలు పెట్టేది పౌర విమానయాన భద్రతా బ్యూరో, అంటే బీసీఏఎస్. పెద్ద విమానాశ్రయాల్లో చాలావాటిలో వాటిని అమలు చేసేది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అంటే సీఐఎస్ఎఫ్. 1999 డిసెంబరులో మన విమానాన్ని కాందహార్‌కు హైజాక్ చేశాక, 2000 నుంచి ఈ దళం ఒక్కొక్క విమానాశ్రయంలోకి వచ్చింది. చాలా దేశాల్లో యంత్రం కూత పెట్టకపోతే సాధారణంగా మనిషిని ముట్టుకోరు. ఇక్కడ అలా కాదు. మనం దాటి వచ్చే డోర్ ఫ్రేమ్ యంత్రం మౌనంగా ఉన్నా ప్రతి ఒక్కరినీ చేతి యంత్రంతో, చేత్తో చూస్తారు. సిలికాన్ లోహం కాదు కాబట్టి అమ్మ విషయంలో లోహాన్ని పట్టే యంత్రమేదీ మోగి ఉండదు. చేతికి తగిలింది. తగిలినదేమిటో తెలుసుకోకుండా పంపడం ఆ ఉద్యోగికి కుదరదు. అడగడం వరకు తప్పు లేదు, పైఅధికారిని పిలవడమూ తప్పు కాదు.

తప్పు అక్కడి నుంచి మొదలైంది. మహిళలను మహిళలే, తెర మూసి ఉన్న చోట తనిఖీ చేయాలి. సగం తెరిచిన తెర లెక్కలోకి రాదు. ప్రత్యేక అవసరాలు, వైద్యపరమైన ఇబ్బందులు ఉన్న ప్రయాణికుల తనిఖీ కోసం బీసీఏఎస్ 2014లోనే విడిగా సర్క్యులర్ ఇచ్చింది. మర్యాదగా, ఇతరుల కంట పడకుండా చేయడం దాని సారాంశం. పేలుడు పదార్థాల జాడ పట్టే పరికరాలు ఉన్నాయి. ఒక చిన్న గుడ్డముక్కతో తుడిచి యంత్రంలో పెడితే చాలు. శరీరానికి సంబంధించిన ఒక వస్తువును ట్రేలో పెట్టి అందరి మధ్య బెల్టు మీద పంపనక్కరలేదు.

కోర్టులు ఏమన్నాయో కూడా చెబుతాను, ఎందుకంటే మీ తమ్ముడు అది అడుగుతారు. ఒంటి కదలికలు అదుపులో ఉండని సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ను 2012లో విమానం నుంచి దింపేసినందుకు సుప్రీంకోర్టు 2016లో 10 లక్షల రూపాయలు ఇప్పించింది. 2021 అక్టోబరులో నర్తకి సుధా చంద్రన్, తనిఖీలో ప్రతిసారీ కృత్రిమ కాలు తీయమంటున్నారని ఒక వీడియోలో బాధపడ్డారు. సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో, కృత్రిమ అవయవాలున్నవారిని వాటిని తీయమని అడగకూడదని, మనిషి గౌరవానికి అది అవసరమని సుప్రీంకోర్టు అంది. అయితే ఆ మాటలు వికలాంగుల గురించి, కాళ్ళూ చేతుల గురించి. రొమ్ము తీసేయించుకోవడం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో లేదు. కాబట్టి 'ఫలానా సెక్షన్ ఉల్లంఘించారు' అని రాయకండి, అక్కడే మీ ఫిర్యాదును పక్కన పెట్టేస్తారు. 'తెర తెరిచి ఉంది, ట్రేలో పెట్టారు, అమ్మకు తెలిసిన భాషలో ఎవరూ మాట్లాడలేదు' అని జరిగింది జరిగినట్టు రాయండి. దానికి ఏ సెక్షన్ అండా అక్కరలేదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటికి వస్తాను. రెండో పేజీ చివర, దాదాపు దాటేసినట్టుగా, మీరు ఇలా రాశారు: 'మా అమ్మకు క్యాన్సర్ వచ్చి రొమ్ము తీసేశారు, ఆ మాత్రం తెలియదా అని నేను తెలుగులో, హిందీలో అరిచాను. వరుసలో మా కాలనీ వాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళు కూడా అయ్యో అన్నారు.' ఆ తర్వాత పేజీలో 'ఆ సిబ్బంది వల్ల అమ్మ నాతో కూడా మాట్లాడడం లేదు' అన్నారు.

అమ్మ మనసులో ఏముందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. కానీ సొంత కోడలికి కూడా చెప్పకుండా దాచుకున్న విషయం ఆ సాయంత్రం మూడు చోట్ల బయటపడింది. తెర దగ్గర, బెల్టు మీద, మీ నోట. మొదటి రెండింటినీ చూసినవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళు. మూడోది విన్నవాళ్ళు మీ కాలనీవాళ్ళు. మరునాడు ఫోనులో తమ్ముడికి వివరంగా చెప్పింది కూడా మీరే. మీ కోపాన్ని నేను తప్పుపట్టడం లేదు. తల్లి ఒంటి మీదిది ట్రేలో చూసిన ఏ కూతురికైనా గొంతు లేవకుండా ఉంటుందా? అయినా అమ్మ ముభావానికి కారణం మీరనుకుంటున్న చోటే ఉండకపోవచ్చు. అది తెలుసుకోకుండా ఫిర్యాదు రాయడానికి కూర్చోవద్దు.

అడిగేటప్పుడు 'కంప్లయింట్ ఇద్దామా వద్దా' అని మొదలుపెట్టకండి. ముప్పై ఏళ్ళు పిల్లల పేపర్లు దిద్దిన ఆవిడ, మీకు కావలసిన జవాబేమిటో పసిగట్టి అదే చెబుతారు. వంటింట్లోనో, బట్టలు మడతపెట్టేటప్పుడో, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన ఉన్నప్పుడు, ఆ రోజు అన్నిటికన్నా కష్టం అనిపించింది ఏమిటని అడగండి. 'నువ్వు అరవడం' అంటే సమర్థించుకోకుండా వినండి. తమ్ముడికి చెప్పడం అంటే, ఇంకెవరికీ వెళ్ళదని మాటివ్వండి, తమ్ముడి చేత కూడా ఇప్పించండి. ఏమీ చెప్పకపోతే వదిలేసి మరోరోజు అడగండి. జవాబు రావడానికి వారం పట్టినా కంగారుపడకండి.

తమ్ముడి పోస్టు మాత్రం వారం ఆగదు. ఈ రోజే ఆపించండి. అలాంటి పోస్టులకు జవాబు త్వరగా వస్తుందన్నది నిజం. విమానాశ్రయాలు, భద్రతా దళాలు, మంత్రిత్వశాఖ అన్నీ అక్కడ ఉంటాయి. అర్జీకి నెలలు పట్టేది అక్కడ గంటల్లో కదులుతుంది. కానీ దానికి మూల్యం చెల్లించేది అమ్మ. పేరు పెట్టకపోయినా, మీ తమ్ముడి ఖాతాలో 'మా అమ్మ' అని ఉంటే చాలు, సాయంత్రానికి బంధువుల వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతుంది. పిన్నులూ పెద్దమ్మలూ ఫోన్లు చేసి పరామర్శిస్తారు. పైగా బ్యాడ్జీ మీద పేరు చదివి ఒక చిన్న ఉద్యోగిని జనం మీదికి వదలడం నాకు నచ్చదు. దాచిన కత్తిని ఎలా పసిగట్టాలో నేర్పి, కృత్రిమ రొమ్ము అనేది ఒకటి ఉంటుందని ఎవరూ చెప్పకపోతే ఆ తప్పు ఆమె ఒక్కదానిదే కాదు.

అమ్మ ఒప్పుకుంటే ఫిర్యాదుకు దారులున్నాయి. ఆ విమానాశ్రయంలో భద్రతా దళానికి అధిపతిగా ఒక అధికారి ఉంటారు. ఆయనకు నేరుగా, బీసీఏఎస్‌కు ప్రతి పంపుతూ రాయండి. విమానాశ్రయాన్ని నడిపే సంస్థకు కూడా ఒక ప్రతి పంపండి. పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవ పోర్టల్‌లో నమోదు చేస్తే ఒక నంబరు వస్తుంది, తర్వాత ఏమైందని అడగడానికి అది పనికొస్తుంది. మీ వీడియో పోయిందని బాధపడ్డారు. తనిఖీ చోట వీడియో తీయడం ఎలాగూ నిషిద్ధం, దాన్ని సాక్ష్యంగా చూపితే ప్రశ్న మీ మీదికి తిరిగేది. అక్కడ సీసీ కెమెరాలుంటాయి. ఆ దృశ్యాలను ఎక్కువకాలం ఉంచరు కాబట్టి, వివరమైన ఫిర్యాదు తర్వాత రాసినా ఫరవాలేదు గానీ, 'ఫలానా తేదీ, ఫలానా సమయం, ఫలానా వరుస దృశ్యాలను భద్రపరచండి' అని నాలుగు పంక్తుల లేఖ ముందు పంపండి. అందులో అమ్మ జబ్బు ప్రస్తావన అక్కరలేదు. నా మటుకు నేను అమ్మ మనసు తేలకముందే పంపమనే అంటాను, ఎందుకంటే ఆ లేఖ ఎవరినీ బయటపెట్టదు.

సమాచార హక్కు చట్టం గురించి కూడా అడిగారు. సీఐఎస్ఎఫ్‌కు ఆ చట్టం 24వ సెక్షన్ కింద మినహాయింపు ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు మాత్రమే ఆ మినహాయింపుకు బయట ఉంటాయి. హక్కుల ఉల్లంఘన అంటే అది కూడా కేంద్ర సమాచార కమిషన్ ఆమోదం మీద ఆధారపడుతుంది. మీ విషయానికి అది చుట్టుదారి. కోర్టుకు వెళ్ళే హక్కు మీకుంది, కానీ అక్కడ అమ్మ తన కథను పదే పదే చెప్పాలి. అది ఆవిడ కోరుకుంటేనే.

ఫిర్యాదులో ఏం అడగాలన్నది కూడా ఆలోచించండి. శిక్ష అడిగితే విచారణ, వాంగ్మూలం, అమ్మను ప్రశ్నించడం అన్నీ వస్తాయి. రాతపూర్వక క్షమాపణ, ఇలాంటి ప్రయాణికుల తనిఖీపై ఆ యూనిట్‌కు శిక్షణ అడిగితే దారి తేలిక. అడిగితే నియమాలు కదలవని అనుకోకండి. కేబిన్‌లోకి కొబ్బరికాయ తీసుకెళ్ళకూడదన్న నిబంధనను 2024 అక్టోబరులో శబరిమల వెళ్ళే అయ్యప్ప భక్తుల ఇరుముడి కోసం ఆ సీజను వరకు సడలించారు. కొబ్బరికాయకు సాధ్యమైంది ఆడవాళ్ళ మర్యాదకు సాధ్యం కాదా?

డబ్బు విషయం రెండు మాటల్లో. సీట్లు ఎక్కువ అమ్ముకుని ఎక్కించుకోకపోతే విమాన సంస్థ పరిహారం ఇవ్వాలన్న, విమాన సంస్థలను నియంత్రించే డీజీసీఏ నియమం మీకు వర్తించదు. తనిఖీలో ఆలస్యమై గేటు దగ్గరికి రాకపోతే ప్రయాణికుడు రానట్టే లెక్క. కానీ వాడని టికెట్ మీద కూడా ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ వినియోగ రుసుము తిరిగి ఇవ్వాలి. చాలామంది ఇది అడగరు కాబట్టి సంస్థలు చెప్పవు. పీఎన్ఆర్ నంబరుతో రాసి అడగండి. పెద్ద మొత్తం రాదు. కొత్త టికెట్ల ధర మాత్రం పోయినట్టే అనుకోండి.

మీవారి మాట. అరుపు వల్ల ఆలస్యం పెరిగి ఉండవచ్చు. కానీ ఆయన విమానం లెక్క చెబుతున్నారు, మీరు అమ్మ లెక్క చెబుతున్నారు. ఈ రెండూ ఒక చోట తేలవు. దీని మీద ఇంట్లో పంచాయితీ అనవసరం. తనిఖీ దగ్గర గొంతు లేస్తే అవతలివాళ్ళు ఇంకా బిగుసుకుంటారన్నది మాత్రం అనుభవం మీద అందరికీ తెలిసేదే. 'మీ సూపర్‌వైజర్‌ను పిలవండి, అప్పటిదాకా ఇక్కడే ఉంటాం' అనే ఒక్క వాక్యం మెల్లగా, మళ్ళీ మళ్ళీ చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది.

ఇక కాశీ. విమానమే అయితే శంషాబాద్ నుంచి రెండు గంటల ప్రయాణం. ముఖాన్ని గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర వాడితే లోపలికి వెళ్ళే వరుస తగ్గుతుంది గానీ తడిమి చూసే తనిఖీ తప్పదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అమ్మకు చేయగలిగిన ఏర్పాట్లు వేరే ఉన్నాయి. ప్రయాణానికి సిలికాన్‌ది కాకుండా దూదితోనో స్పాంజితోనో చేసిన తేలికపాటిది వాడవచ్చు. చేతికి మెత్తగానే తగులుతుంది, అనుమానం తక్కువ. సిలికాన్‌ది పెట్టెలో వెళుతుంది. ఏదీ పెట్టుకోకుండా చీర కొంగు నిండుగా కప్పుకుని వెళ్ళే ఆడవాళ్ళూ ఉన్నారు. అది అమ్మకు ఇష్టమా కాదా అన్నది మీరు తేల్చేది కాదు.

ఒక చిన్న కార్డు రాసి పెట్టండి. తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో: 'నాకు రొమ్ము శస్త్రచికిత్స జరిగింది. కృత్రిమ రొమ్ము ధరించాను. దయచేసి తెర మూసి, మహిళా అధికారి తనిఖీ చేయండి.' తెర లోపల అడుగుపెట్టగానే, చెయ్యి పడకముందే ఆ కార్డు చూపిస్తే నోరు విప్పే పని లేదు. చూపించడం ఇష్టం లేకపోతే ఒక హిందీ వాక్యం నేర్చుకోమనండి: 'ఆపరేషన్ హువా హై, పర్దా బంద్ కీజియే.' తిరుగు ప్రయాణంలో వారణాసి దగ్గర బాబత్‌పూర్ విమానాశ్రయంలో ఇది మరీ అవసరం. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం నకలు బ్యాగులో ఉంచండి, కానీ అడిగితేనే తీయండి.

మీరు ఆవిడ వెనకాలే, అదే మహిళల వరుసలో ఉండండి. పోయినసారి మీరు ముందు దాటి బ్యాగుల కోసం ఆగారు, అందుకే తెర దగ్గర ఆవిడ ఒంటరి అయ్యారు. బ్యాగుల పని మీవారికి అప్పగించండి. మీ చేతి సంచిని తెరిపించే వస్తువులేవీ పెట్టవద్దు. నూనె తేలే పచ్చడి సీసా, కారం పొడి కేబిన్‌లోకి రానివ్వరు, వాటి కోసం మిమ్మల్ని పక్కకు పిలిస్తే అమ్మ మళ్ళీ ఒంటరిగా నిలబడాలి. దేశీయ ప్రయాణానికి చాలా సంస్థలు చెక్ఇన్ కౌంటర్‌ను బయలుదేరే సమయానికి గంట ముందు, గేటును 25 నిమిషాల ముందు మూసేస్తాయి. మియాపూర్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎంత సాఫీగా వచ్చినా, తనిఖీకే ఒక అరగంట అదనంగా పెట్టుకోండి. తొందర లేనప్పుడు మాటలు కూడా నెమ్మదిగా వస్తాయి.

ఇవన్నీ చెప్పాక కూడా అమ్మ విమానం వద్దంటే, అది ఓటమి అనుకుని నచ్చచెప్పకండి. దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగితే, మనవాళ్ళు ఇప్పటికీ మొగల్‌సరాయ్ అనే చోట, అక్కడి నుంచి కాశీ దగ్గరే. ఒక రోజుకు పైగా ప్రయాణం, 64 ఏళ్ళ ఒంటికి శ్రమే. కింది బెర్తు, ఏసీ బోగీ చూసుకుంటే భరించదగినదే. ఎలా వెళ్ళాలో ఆవిడ నిర్ణయించాలి, వెళ్ళాలా వద్దా అన్నది కూడా. కార్తీక మాసానికి కాశీ రైళ్ళు త్వరగా నిండిపోతాయి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. ఆ తేదీ క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుని, దానికి వారం ముందే రెండు దారులూ అమ్మ ముందు పెట్టండి. ఆవిడ ఏది చెబితే ఆ టికెట్లు తీయండి.